కారం కలపకముందు తీసిన ముద్ద

కడప జిల్లా మెట్ట పల్లెల్లో పప్పు ఎనిపే వేళకు ఒక చిన్న పని మరిచిపోకుండా జరిగేది. కందిపప్పూ ఆకుకూరా మెత్తగా ఉడికాక, కారం పడకముందే రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీసి పొయ్యి పక్కన పెట్టేవారు. ఆ తర్వాతే మిరపకాయలు, చింతపండు, తిరగమోత. ముందు తీసిన ఆ రెండు గరిటెలు ఇంట్లో పాలు మరిచిన బిడ్డవి. పొయ్యి ఒకటే, కుండ ఒకటే, వంట ఒకటే. పెద్దల తిండికీ పిల్లల తిండికీ మధ్య ఉన్న గీత అంతా ఆ కారమే.

ఇప్పుడు చక్రాయపేటలోనైనా, వేంపల్లెలోనైనా, ప్రొద్దుటూరు మేడల్లోనైనా రాత్రి ఎనిమిదింటికి జరిగేది వేరు. జేజికి, అంటే నాయనమ్మకు, చక్కెర జబ్బు కాబట్టి ఆమెకు రాగి సంగటి. నాయనకు అన్నం, పప్పు, ఊరుబిండి పచ్చడి. నాలుగేళ్ల పిల్లవాడికి ఇవేవీ అక్కర్లేదు. వాడికి నూడుల్స్ కావాలి, లేదంటే పెరుగన్నంలో చిప్స్ నలిపి కలపాలి, ఎదురుగా ఫోన్ పెట్టాలి. తల్లి రెండు వంటలు, ఒక్కోనాడు మూడు వంటలు చేసి, చివరికి తాను పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు మెతుకులు తింటుంది. పిల్లలన్నాక ఎప్పుడూ ఇంతేనని సర్దిచెప్పుకుంటారు గానీ, చరిత్ర అలా చెప్పడం లేదు. ఈ ప్రాంతంలో బిడ్డకు వేరే రాత్రి భోజనం అనేది నిండా రెండు తరాల వయసు కూడా లేని అలవాటు. అది ఎలా వచ్చిందో తెలియాలంటే ఈ నేల ఏం పండించిందో, ఏం తిన్నదో మొదట చూడాలి.

చక్రాయపేట మండలంలోనే గండి క్షేత్రం ఉంది. పాపాఘ్ని నది కొండను రెండుగా చీల్చుకుని బయటపడే చోటు అది. వీరాంజనేయస్వామి గుడికి శ్రావణ శనివారాల్లో జనం విరగబడి వస్తారు. దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రోకు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కనిపించిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తోరణం మాట ఎలా ఉన్నా, మన్రో మనుషులు ఊరూరా తిరిగి పొలాలు కొలిచి, మెట్ట ఏది మాగాణి ఏది అని లెక్క రాసిపెట్టారు. ఆ లెక్కే ఇక్కడి కంచం లెక్క కూడా. జమ్మలమడుగు, పులివెందుల నల్లరేగడిలో జొన్న. చక్రాయపేట నుంచి రాయచోటి వైపు సాగే ఎర్రనేలల్లో సజ్జ, కొర్ర, బావి కింద రాగి. వరి చెరువు కింద నాలుగు మళ్లలో పండితే పండినట్టు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టి, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కర్నూలు–కడప కాలువ వచ్చాక మైదుకూరు, చాపాడు వైపు మాగాణి పెరిగింది. కాలువ అందని పశ్చిమ, దక్షిణ పల్లెల్లో మాత్రం పండగ నాడో, చుట్టం వచ్చిన నాడో, జ్వరం పడ్డ నాడో తప్ప వరన్నం కనిపించేది కాదు.

బిడ్డ నోట పెట్టే మొదటి ముద్ద మాత్రం ఆ ఇళ్లలోనూ వరి మెతుకే. ఆరో నెలలో అన్నప్రాశన చేసి, బియ్యప్పాయసం నాలుకకు రాసేవారు. మర్నాటి నుంచి రాగిజావ. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, విసిరి, పలచని గుడ్డలో జల్లించిన పిండితో కాచేది. మొలకెత్తిన గింజలో పిండి పదార్థం విరిగి జావ పలచబడుతుంది. అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పట్టించవచ్చు. ఆహార శాస్త్రం ఇప్పుడు చెబుతున్న ఈ సంగతిని అవ్వలు లెక్కలు లేకుండానే పాటించారు.

పళ్లు వచ్చేసరికి జావ చిక్కబడి సంగటి అయ్యేది. సంగటి చేయడం చూసినవాళ్లకే తెలుస్తుంది అందులో ఎంత ఒడుపుందో. కుండలో నూకలు ఉడుకుతుండగా పైన రాగిపిండి కుప్పగా పోస్తారు. కలపరు. పిండి మధ్యలో కట్టెతో గుంట చేసి, మూతపెట్టి, ఆవిరికి వదిలేస్తారు. పిండి పచ్చివాసన పోయి ముదురు రంగుకు తిరిగాక కుండను కాళ్లతో అదిమిపట్టి, రెండు చేతులా కట్టె పట్టి గెలుకుతారు. ఉండ కట్టకుండా గెలకడం భుజాల పని. తర్వాత చేయి తడి చేసుకుని, వేడివేడిగా ముద్దలు తీస్తారు. పెద్దలకు పిడికిళ్లు రెండు చేరినంత, బిడ్డకు నిమ్మకాయంత. బిడ్డ ముద్దలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోస్తారు, ఆ పక్కన కారం లేని పప్పు.

తినడమూ నేర్పవలసిన విద్యే. సంగటిని అన్నంలా కలిపి నమలరు. చిన్న తునక తుంచి, పప్పులో అద్ది, పెద్దగా నమలకుండా మింగుతారు. రెండేళ్ల బిడ్డకు ఇది మాటలతో చెబితే రాదు. జేజినాయన కంచం అంచున కూర్చుని, ఆయన వేళ్ల వంక చూస్తూ, ఆయన తుంచి ఇచ్చింది మింగుతూ నేర్చుకోవలసిందే. బిడ్డకు విడిగా కంచం పెట్టడం అప్పుడు తక్కువ. తాత కంచంలోనో, పిన్నమ్మ కంచంలోనో, అన్నదమ్ముల పిల్లలంతా కలిసి తినే తట్టలోనో బిడ్డ చేయి పడేది. ఎవరికి ఎంత పడిందో చూసేవాళ్లు లేరు. తినలేదని బతిమాలే తీరికా లేదు; పొద్దున్నే సద్ది సంగటి మజ్జిగలో పిసికి తాగి చేనికి పోవాల్సిన ఇల్లది.

పిల్లలకు అది ఇష్టమేనా? ఇష్టం లేని నోళ్లు అప్పుడూ ఉన్నాయి, అదీ పెద్ద పెద్ద నోళ్లు. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో ఒకటి పల్నాటి తిండి మీద చెప్పింది. అందులో కవి కృష్ణుణ్ణి నిలదీస్తాడు: పూతన విషం తాగావు, కార్చిచ్చును మింగావు, అదేం గొప్ప? జొన్నకూడు ఒక్క ముద్ద, ఉడికించిన ఆకుకూరతో మింగి చూపించు, అప్పుడు నీ పస తెలుస్తుంది అంటాడు. వరన్నానికి అలవాటు పడ్డ ఆస్థానకవి నాలుక అది. ఆ పద్యం చదివి జొన్నకూడు మింగడం దేవుడికే కష్టమని నవ్వుకోవడం తెలుగువాళ్లకు అలవాటైంది. కానీ ఆ ముద్దను నిత్యం మింగిన పల్నాటి పిల్లలూ, జమ్మలమడుగు పిల్లలూ ఆ చాటువులో లేరు. నాలుక పుట్టుకతో జొన్నను తిరస్కరించలేదు. చిన్ననాడు తగలని రుచి పెద్దయ్యాక కవి గొంతుకు అడ్డం పడిందంతే.

ఈ జిల్లాలోనే శ్రీనాథుడి కాలానికే చెందిన ఇంకో నాలుకను తలుచుకోవాలి. తాళ్లపాక అన్నమయ్య 1408లో రాజంపేట దగ్గర పుట్టాడు. చందమామను పిలిచి, బంగారు గిన్నెలో వెన్నా పాలూ తెమ్మని అడిగే ఆయన కీర్తనను తెలుగు తల్లులు తరతరాలుగా గోరుముద్దల పాటగా వాడుకుంటున్నారు. అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. వాస్కో ద గామా కాలికట్ రేవులో దిగింది 1498లో. అంటే అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరపకాయ తాళ్లపాక వంటింటికి చేరకముందే అన్నమయ్య బాల్యమే కాదు, జీవితమే ముగిసింది. ఆయన తల్లి పొయ్యి మీది కూరలో ఘాటు ఉంటే మిరియాలదే, అదీ ఖరీదైన సరుకు. బిడ్డ కోసం కారానికి ముందు రెండు గరిటెలు తీసిపెట్టే అలవాటు మిరపకాయ తర్వాతదే అయి ఉండాలి. రాయలసీమ కారం అని ఈనాడు గొప్పగా చెప్పుకునేది ఈ నేలకు అయిదువందల ఏళ్ల లోపు చుట్టం. చెనిక్కాయ, అంటే వేరుశనగ, ఇంకా కొత్తది. అదీ అమెరికా ఖండం నుంచి వచ్చి, మద్రాసు రాష్ట్రపు దక్షిణ జిల్లాల మీదుగా పైకి పాకి, ఇరవయ్యో శతాబ్దంలోనే ఇక్కడి మెట్టను ఆక్రమించింది. చెనిక్కాయల ఊరుబిండి లేని సంగటిని ఇప్పుడు ఊహించలేరు గానీ, ముత్తాతల ముత్తాతలకు ఆ రుచే తెలియదు. దక్షిణ భారతపు నవీన శిలాయుగం నాటి ఊళ్లలో మాడిపోయి మిగిలిన గింజలను వెతికిన పురావస్తు పరిశోధకులకు దొరికినవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు. ఇంటిల్లిపాదీ తినే తిండి ఎప్పుడూ మారుతూనే వచ్చింది. మారనిది ఒకటే, మారినప్పుడల్లా పిల్లలూ పెద్దలతో పాటే మారారు.

ఇదంతా తియ్యటి గతం అనుకుంటే పొరపాటు. ఒకే కుండ అంటే చాలా ఇళ్లలో ఒకే లేమి కూడా. ధాత సంవత్సరపు కరువు 1876–78 మధ్య ఈ జిల్లాను ఊడ్చేసింది. 1871 జనాభా లెక్కల్లో కడప జిల్లాలో దాదాపు 13.5 లక్షల మంది ఉంటే, 1881 నాటికి 11.2 లక్షలకు పడిపోయారు. పదేళ్లలో పెరగాల్సిన జనం పెరగకపోగా, ఉన్న ఆరుగురిలో ఒకరు లెక్కకు దొరకలేదు. కరువు పనుల కూలి ఎంత ఉండాలన్నది మద్రాసులో పెద్ద తగువైంది: రిచర్డ్ టెంపుల్ మగవాడికి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు, మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఆ తిండితో మనిషి పనిచేసి బతకలేడని వాదించాడు. పెద్దలకే చాలని చోట పిల్లల వంతు ఏపాటిదో ఊహించుకోవచ్చు. డెబ్బయ్ అయిదేళ్ల తర్వాత, 1950ల తొలి ఏళ్ల కరువులోనూ రాయలసీమలో గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. గంజి కోసం సత్తుగిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలే నేటి జేజిలు, జేజినాయనలు. పిల్లవాడు ముద్ద వదిలేస్తే వాళ్ల గొంతులో వచ్చే కోపం అక్కడి నుంచి వస్తుంది. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు.

కరువు లేని ఏళ్లలోనూ ఒకే గింజ మీద బతకడంలో ప్రమాదం ఉంది. జొన్నే ప్రధాన ఆహారమైన దక్కను పేదల్లో పెలాగ్రా అనే వ్యాధి కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దాని మీద పనిచేసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అందుకు కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. పాలు మాన్పించాక పలచని గంజితోనే నెట్టుకొచ్చిన పిల్లలు కాళ్లు వాచి, జుట్టు రంగు మారి ఆసుపత్రికి వచ్చేవారు. అలాంటి పిల్లల కోసం అదే సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’లో వింత మందులేవీ లేవు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేయించిన చెనిక్కాయ పప్పు 10, బెల్లం 20. కొట్లో దొరికే సరుకులే, ఇంట్లో విసిరేదే. బిడ్డకు కావలసింది వేరే దేశపు డబ్బా కాదు, పెద్దల గింజలకే కాస్త పప్పు, కాస్త నూనె బలం తోడవడమని ఆ పొట్లం చెప్పింది. నెయ్యి పోసిన గుంట, ముందుగా తీసిన పప్పు చేసిన పనీ అదే, కలిగిన ఇళ్లలో.

ఇక అసలు మలుపు 1983. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది, కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 25 కిలోలు. ఆకలి తీర్చడంలో ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. పండగకు తప్ప దొరకని వరన్నం రోజూ ఉడకడం పేద ఇంటికి గౌరవం కూడా తెచ్చింది. అదే సమయంలో పొలంలో ఇంకో మార్పు జరిగిపోయింది: కొర్ర, సజ్జ, రాగి చేలు చెనిక్కాయకు దారి ఇచ్చాయి. చెనిక్కాయ అమ్మితే డబ్బు, బియ్యం కొంటే తిండి. కొర్రలు దంచే రోలు మూల పడింది, జొన్నలు విసిరే రాయి గోడకు ఆనింది.

ఆ బియ్యం ఇంటికి వచ్చినప్పుడు మొదట ఎవరి కంచంలో పడింది? పిల్లల కంచంలోనే. పెద్దలు ఇంకా కొన్నాళ్లు సంగటి తిన్నారు. మా బతుకు ఎలాగూ గడిచింది, పిల్లోళ్లన్నా వరిబువ్వ తినాలి అనుకున్నారు. ప్రేమతో చేసిన పనే అది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు మొదలైంది సరిగ్గా అక్కడే. ఒక కుండ పెద్దలది, ఒక గిన్నె పిల్లలది. పైగా సంగటి పేదవాడి తిండి, అన్నం మేలైన తిండి అనే మెట్టు కూడా పిల్లల బుర్రలో కుదురుకుంది. గోపాలన్ బృందం 1971లో అచ్చువేసిన ఆహార పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మిల్లు పట్టిన బియ్యంలో ఉన్నది 10. ఎముకలు పెరిగే వయసు వాళ్లకు ఈ రెండింటిలో ఏది పెట్టాలో పట్టిక స్పష్టంగానే చెప్పింది. పట్టిక పల్లెకు చేరలేదు.

పిల్లల గిన్నె ఒకసారి వేరయ్యాక దానిలోకి ఏదైనా రావచ్చు. తొంభైలలో ప్రొద్దుటూరు, పులివెందుల బజారు నుంచి బిస్కెట్లూ నూడుల్స్ పొట్లాలూ వచ్చాయి, ఆపై ఊరి చిల్లర కొట్టు గుమ్మానికి రంగురంగుల చిప్స్ దండలు వేలాడాయి. పసిపిల్లల డబ్బా ఆహారాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992 చట్టమూ, దాని 2003 సవరణా కట్టడి చేశాయి గానీ, రెండేళ్లు దాటిన పిల్లవాడి నాలుకకు అలాంటి కాపలా లేదు. సాయంత్రం అయిదు రూపాయల పొట్లం తిన్న కడుపు రాత్రి పప్పును వద్దనడం మొండితనం కాదు, కడుపు నిండి ఉండటం.

తిండి అలవాటు ఎలా పడుతుందో పరిశోధకులు చెప్పింది ఇక్కడి పాత పద్ధతులతో వింతగా కలుస్తుంది. అమెరికాలో లియన్ బర్చ్ 1980లో ఒక ప్రయోగం ప్రచురించారు: ఒక కూరగాయ నచ్చని నర్సరీ పిల్లను, అది నచ్చిన తోటివాళ్ల మధ్య భోజనానికి కూర్చోబెడితే కొద్ది రోజుల్లోనే ఆ పిల్ల తానూ దాన్నే ఎంచుకుంది. ఫిలడెల్ఫియాలో జూలీ మెనెల్లా బృందం 2001లో ఇంకోటి చూపింది: గర్భంతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, వాళ్ల బిడ్డలు ఆ రుచిగల జావను మిగతావాళ్లకంటే ఇష్టంగా తిన్నారు. పదిమంది పిల్లలు ఒకే తట్ట చుట్టూ చేరడం మొదటిది; బాలింత కూడా ఇంటి సంగటే తినడం రెండోది. వేమన కూడా ఈ సీమ దారుల్లో తిరిగినవాడే. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు; నిత్యం తింటే చేదు కూడా నోటికి అలవడుతుందన్న మాట ఆ వేమన పేరుతోనే తెలుగు దేశమంతా తెలుసు. అయితే ఆ అలవాటుకు గడువు తల్లిదండ్రులు అనుకునేంత చిన్నది కాదు. రెండుసార్లు ఉమ్మేశాడని మూడోసారి మానేయడం తొందరపాటు. కొత్త రుచిని పది, పదిహేనుసార్లు బలవంతం లేకుండా ముందు పెడితే తప్ప నాలుక దారికి రాని పిల్లలు చాలామంది.

ప్రభుత్వ వంటిల్లు ఈ కథలో ఇంకో కుండ. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ అంగన్‌వాడీగా ఊరూరికీ వచ్చింది. సుప్రీంకోర్టు 2001లో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక, ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం వేడిగా వడ్డించడం మొదలైంది. అది అన్నం, సాంబారు. అంటే సంగటి ప్రాంతపు పిల్లలకు బడి కూడా వరిబువ్వనే నేర్పింది. 2020లో పథకానికి గోరుముద్ద పేరు పెట్టి వంటకాలు మార్చారు. రాగి తిరిగి వచ్చింది 2023 మార్చి 21న, ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్న ఏడాది: వారంలో మూడు పొద్దున్నలు బెల్లం వేసిన రాగిజావ. ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో సాగుతున్న బడి భోజనంలో అందరికీ ఒకే వంట, ఒకే వరస. ఇంట్లో వంకాయ చూస్తే మొహం తిప్పుకునే పిల్ల పక్కపిల్ల తింటోందని తానూ తింటుంది. బర్చ్ ప్రయోగం మన వరండాలో రోజూ జరుగుతున్నట్టే.

రాత్రి భోజనానికి ఏ పథకమూ లేదు, అది ఇంటిదే. ఆ ఇంట్లోకి సంగటి ఇప్పుడు రెండు దారుల్లో తిరిగొస్తోంది: ఒకటి డాక్టరు చీటీ, రెండోది హోటలు. కడప నుంచి హైదరాబాదు దాకా రాగి సంగటి, నాటుకోడి పులుసు బోర్డులు వెలిశాయి. ఒకప్పుడు చుట్టాల ముందు దాచుకున్న కుండకు ఇప్పుడు ధర కట్టి వడ్డిస్తున్నారు. ఆ బల్ల దగ్గర తండ్రి కంచంలో వేలు పెట్టి రుచి చూసిన పిల్లవాడికి ఇంట్లో సంగటి పెట్టడం కొంచెం తేలిక. మళ్లీ సంగటి మొదలుపెట్టే ఇళ్లలో అనుభవం ఉన్న అవ్వలు ముందు నూకలే ఎక్కువ వేసి, పిండి గుప్పెడే కలపమంటారు. వారం వారం పిండి పెంచుకుంటూ పోవాలి. మొదట్లో ముద్ద నల్లగా ఉండకూడదు, మెత్తగా జారాలి, నెయ్యి కనిపించాలి. ఊరుబిండి పెద్దల కంచంలోనే ఉండనివ్వాలి. పిల్లవాడే అడిగిన నాడు వేలి కొసతో నాలుకకు రాస్తే చాలు.

ఇక పప్పు ఎనిపే వేళ కారానికి ముందు రెండు గరిటెలు తీయడానికి ఏ ఖర్చూ లేదు. గ్యాసు పొయ్యి మీదైనా, కుక్కరులోనైనా ఆ పని జరుగుతుంది. మూడేళ్ల పిల్లకు ఆ గిన్నె, ఆరేళ్లు వచ్చేసరికి సగం కారం, ఎనిమిదేళ్లకు ఇంటి కారం.